పెరటిలో వెల్లుల్లి సాగు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలలో కావ్యములను గూర్చియు, మహాపురుషుల చరిత్రములను గూర్చియు ఉపన్యాసములు జరుగుట వాడుక. అట్టి సభలో వంటింటి బుట్టలోని వెల్లుల్లిని గూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని గ్రామ గ్రంథాలయము పుట్టినది చదువు కొరకు మాత్రమే కాదు. చదివినది బ్రతుకునకు అక్కరకు రావలెనను ఆశతో గూడ పుట్టినది. 1914వ సంవత్సరమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాటినుండియు ఈ ఉద్యమమును నడపిన పెద్దల తలంపు ఇదియే. పుస్తకమునందలి జ్ఞానము పెరటిలోనికి దిగి రాగలిగినచో అంతకు మించిన ఫలము వేరొకటి లేదు.

వెల్లుల్లి లేని వంట తెలుగునాట తక్కువ. కార్తీక మాసమునందో, వ్రతదినములందో దానిని విడిచిపెట్టువారు కలరు. ఏనాడును ముట్టని కుటుంబములును కలవు. తక్కిన యిండ్లన్నిటను చారు పోపునకు, గోంగూర పచ్చడికి, కారప్పొడికి, బాలింత పథ్యమునకు అది కావలసినదే. ఇంతగా వాడుకలో నున్న వస్తువును తెలుగు రైతు పండించునది మాత్రము చాల తక్కువ. అంగడిలో దొరకు వెల్లుల్లిలో పెద్ద భాగము మధ్యప్రదేశ్, రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రములనుండి వచ్చుచున్నది. వెల్లుల్లి పంటలో ప్రపంచమున చైనా మొదటిది, భారతదేశము రెండవది. భారతదేశమున మధ్యప్రదేశ్ అగ్రస్థానము వహించినది.

దూరమునుండి వచ్చు సరకునకు ధర నిలుకడగా నుండదు. 2022వ సంవత్సరమున మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ ప్రాంతపు బజారులలో వెల్లుల్లి కిలో రెండు మూడు రూపాయలకు గూడ అమ్ముడు పోక, రైతులు దానిని ఏటిలో పారబోసిరి. నష్టపడిన రైతులు మరుసటి పంటకు విస్తీర్ణము తగ్గించిరి. తత్ఫలితముగా 2023వ సంవత్సరాంతమునను, 2024వ సంవత్సరారంభమునను దేశమందలి పెక్కు పట్టణములలో కిలో వెల చిల్లరగా 400 రూపాయలు దాటెను. ఒక యేడు పండించినవాడు ఏడ్చెను; మరుసటి యేడు కొనువాడు ఏడ్చెను. ఈ రెండు కన్నీళ్ళ నడుమ పెరటిలో పది కిలోలు పండించుకొను గృహిణి నిశ్చింతగా నుండగలదు. ఈ ఉపన్యాసమున చెప్పదలచినది అంతియే. ఎకరముల కొలది వెల్లుల్లి పండించి ధనవంతులు కావలెనని చెప్పుట ఉద్దేశము కాదు.

పేరును, పూర్వచరిత్రయు

వెల్ల అనగా తెలుపు; తెల్లని ఉల్లి కనుక వెల్లుల్లి. రాయలసీమలో దీనిని తెల్లగడ్డ అందురు. తెలంగాణమున ఎల్లిగడ్డ, ఎల్లిపాయ అందురు. సంస్కృతమున లశునమనియు, రసోనమనియు పేళ్ళు. షడ్రసములలో పులుపు ఒక్కటి మాత్రము దీనియందు లేదనియు, ఒక రసము ఊనమగుటచే రసోనమయ్యెననియు వైద్యులు వ్యుత్పత్తి చెప్పుదురు.

దీని పుట్టినిల్లు మధ్య ఆసియాలోని కొండ ప్రాంతము. అక్కడనుండి పూర్వమే నలుదెసలకు ప్రాకినది. ఐగుప్తు దేశమున 1922వ సంవత్సరమున త్రవ్వి తీసిన టూటంకామెన్ రాజు సమాధిలో సైతము వెల్లుల్లి గడ్డలు కనుపించినవి. భారతదేశమున దీనికి రెండు విధములగు ఆదరము లభించినది. మనుస్మృతి ద్విజులకు దీనిని నిషేధించినది; వైద్య గ్రంథములు దీనినే కొనియాడినవి. అమృతమును దొంగిలించి త్రాగిన రాహువు కంఠమును విష్ణువు ఖండింపగా, నేల రాలిన అమృత బిందువులే వెల్లుల్లి యైనవని ఒక కథ. అసురుని శరీరమును తాకి వచ్చినందున ద్విజులు తినరాదనియు, అమృతమగుటచే ఔషధమనియు ఆ కథ ఇరుపక్షములకును సమాధానము చెప్పినది. 1890వ సంవత్సరమున మధ్య ఆసియాలోని కుచా యను చోట బౌవర్ అను ఆంగ్ల సైనికాధికారికి భూర్జపత్రములపై వ్రాసిన ప్రాచీన సంస్కృత గ్రంథమొకటి లభించినది. దానిలోని మొదటి భాగము వెల్లుల్లి గుణములను వర్ణించుటతోడనే ఆరంభమగును. పదునాలుగు పదునైదు వందల యేండ్లనాడే పుస్తకమున కెక్కిన ఈ మొక్కను గూర్చి ఒక పుస్తకాలయమున ముచ్చటించుట అనుచితము కాదు.

మొక్క స్వభావము

సాగు తెలియవలెనన్నచో ముందుగా మొక్క స్వభావము తెలియవలెను. వెల్లుల్లికి విత్తనము లేదు. అందరు వాడు రకములు పూచినను గింజ కట్టవు. గడ్డను విడదీసి రెబ్బను నాటవలెను. ఆ రెబ్బయే విత్తనము. కావున నాటిన రెబ్బ యెట్టిదో వచ్చు గడ్డయు అట్టిదే. తండ్రి గుణము కొంత, తల్లి గుణము కొంత కలసి క్రొత్త గుణము పుట్టుట ఇందులో లేదు. ఒక యింటినుండి మరియొక యింటికి చేతులు మారుచు వచ్చుచున్నది ఒకే మొక్క. మంచి గడ్డను విత్తనమునకు నిలుపుకొన్న యింటికి ఏటేట మంచి పంటయే వచ్చును. పెద్ద గడ్డలన్నియు కూరలో వేసికొని చిన్నవి నాటిన యింటికి ఏటేట గడ్డ చిన్నదగుచుండును. నాటు రెబ్బలతోపాటు తెగుళ్ళును, కొన్ని వైరసులును తరతరములకు సంక్రమించును గనుక, రోగము సోకిన మొక్కనుండి విత్తనము తీయకుండుట మరింత ముఖ్యము.

రెండవ సంగతి వాతావరణము. వెల్లుల్లికి చలి కావలెను. మొక్క ఆకు వేసి బలియు దినములలో రాత్రులు చల్లగా నుండవలెను. తరువాత పగటి పొద్దు పెరిగి, ఎండ కొంచెము హెచ్చినపుడు ఆకునందలి బలము క్రిందికి దిగి గడ్డ కట్టును. చలి చాలనిచో మొక్క ఏపుగా పెరిగినను అడుగున గడ్డ విడిపోక, ఒకే గుండ్రని పాయగా మిగిలిపోవచ్చును. నాటిన రెబ్బ మరీ చిన్నదైనను, నాటుట ఆలస్యమైనను ఇట్లే జరుగును. ఇట్టి ఒంటిపాయలో ఏదో మహిమ కలదని కొందరు తలంతురు. అది మహిమ కాదు. మొక్క సగములో ఆగిన గుర్తు. అయినను దానిని పారవేయ నక్కరలేదు. మరుసటి సంవత్సరము నాటినచో దానినుండి రెబ్బలు గల పూర్తి గడ్డ రాగలదు.

ఈ కారణముచేతనే తెలుగునాట అన్ని చోట్లను ఫలము ఒకే తీరుగా నుండదు. తెలంగాణ పీఠభూమియందును, రాయలసీమ పడమటి భాగమునందును, మదనపల్లె వంటి ఎత్తైన సీమలలోను, అరకు, చింతపల్లి మన్యమునందును మార్గశిర పుష్యములలో రాత్రి చలి బాగుగా నుండును. అచ్చట గడ్డ చక్కగా కట్టును. సముద్రతీర గ్రామములలో చలి తక్కువ, గాలిలో చెమ్మ ఎక్కువ, గడ్డ చిన్నదగును. అట్టి గ్రామములవారు నిరాశ చెందనక్కరలేదు. లేత ఆకు కొరకు నాటుకొనవచ్చును. నాటిన నెల దినములకు ఆకును మూడు నాలుగు అంగుళములు మిగిల్చి కోసికొన్నచో మరల చిగుర్చును. ఉల్లికాడ వలె పప్పులోను, పచ్చడిలోను, గ్రుడ్డు అట్టులోను వాడవచ్చును. ఆకు కోసిన మొక్కకు గడ్డ పెద్దది కాదు గనుక, ఆకు కొరకు ఒక మడిని, గడ్డ కొరకు వేరొక మడిని కేటాయించుట మంచిది.

విత్తనపు ఎన్నిక

ఇక్కడనే పెక్కుమంది మోసపోవుదురు. అంగడిలో పెద్ద పెద్ద రెబ్బలు గల గడ్డలను చూచి, విత్తనమునకు ఇవియే శ్రేష్ఠములని కొని నాటుదురు. అట్టివి తరచుగా ఉత్తర దేశపు కొండలలో, దీర్ఘమైన పగటి పొద్దులో పండు జాతులు. గడ్డకు పది పదునారు రెబ్బలు గల అగ్రిఫౌండ్ పార్వతి అట్టిదే. హిమాలయ ప్రాంతమున అది అద్భుతముగా పండును; దక్షిణపు మైదానములలో ఆకు వేసి గడ్డ కట్టక మిగిలిపోవును. మైదానములకు తగినవి గడ్డకు ఇరువది ముప్పది సన్నని రెబ్బలు గల రకములు. యమునా సఫేద్, అగ్రిఫౌండ్ వైట్, గోదావరి అట్టివి. మహారాష్ట్రములోని రాజగురునగరమున గల ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంచాలకాలయము విడుదల చేసిన భీమా పర్పుల్, భీమా ఓంకార్ అను రకములును మైదానపు రకములే. భీమా పర్పుల్ గడ్డ పొర ఊదారంగు కలిగి యుండును.

పేరు గల రకము దొరకనిచో ఇరుగు పొరుగు గ్రామమున ఏ యింటనైన పండించి నిలువ చేసినది సంపాదించుట ఉత్తమము. అక్కడ పండినది ఇక్కడను పండును.

విత్తనపు గడ్డ గట్టిగా, బరువుగా, మచ్చ లేక, బూజు లేక యుండవలెను. నాటుటకు ఒకటి రెండు దినముల ముందు మాత్రమే రెబ్బలు విడదీయవలెను. ముందుగా విడదీసి యుంచినచో ఎండిపోవును. పై పొట్టు తీయరాదు. గడ్డకు వెలుపలి వరుసలోని లావుపాటి రెబ్బలు విత్తనమునకు, లోపలి సన్నని రెబ్బలు వంటకు. రెబ్బ అడుగున వేళ్ళు పుట్టు పీట చెడకుండ విడదీయవలెను. అది చితికినచో మొలక రాదు. నాటునపుడు కిలోకు 5 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పొడిని కొంచెము నీటితో కలిపి రెబ్బలకు పట్టించి, నీడను ఆరనిచ్చినచో కుళ్ళు తగ్గును.

కాలము, నేల, మడి

దసరా వెళ్ళిన పిదప, అక్టోబరు రెండవ పక్షము మొదలు నవంబరు మధ్య వరకు, అనగా స్వాతి, విశాఖ కార్తెలు నాటుటకు తగిన సమయము. తొందరపడి వానలలో నాటినచో రెబ్బ కుళ్ళును. ఆలస్యము చేసినచో మొక్క బలియకమునుపే ఎండలు వచ్చి గడ్డ సన్నగిలును. కోస్తాలో ఈ దినములలోనే తుపానులు వచ్చుటచే, అచ్చట వాన వెలిసిన పిమ్మట నాటవలెను.

నీరు నిలువని గుల్లబారిన నేల కావలెను. ఎఱ్ఱ గరప నేల, ఒండ్రు నేల మిక్కిలి యోగ్యములు. జిగట నల్లరేగడిలో గడ్డ నొక్కుకొని వంకర పోవును, పెరికినపుడు తెగిపోవును. అట్టి నేల తప్ప వేరు లేనిచో ఇసుకయు, బాగుగా చివికిన ఎరువును కలిపి, ఆరంగుళముల ఎత్తు మడి కట్టుకొనవలెను. చవుడు నేలయు, ఉప్పునీటి బావియు వెల్లుల్లికి పనికిరావు. నీడ అసలే పనికిరాదు. మామిడి క్రిందనో, కొబ్బరి క్రిందనో నాటి గడ్డ రాలేదని చింతించుట వ్యర్థము. దినమునకు ఆరు గంటల ఎండ తగులు చోటు చూచుకొనవలెను.

అర సెంటు స్థలము, అనగా 24 చదరపు గజములు, ఒక చిన్న కుటుంబమునకు చాలును. దానిని జానెడు లోతున త్రవ్వి, గడ్డలు పగులగొట్టి, 40 లేక 50 కిలోల చివికిన పశువుల ఎరువు కలుపవలెను. పచ్చి పేడ వేయరాదు; వేసినచో చెదలును, కుళ్ళును వచ్చును. నాలుగైదు కిలోల వేపపిండి కలిపినచో ఎరువును అగును, పురుగునకు విరుగుడును అగును. పొయ్యి బూడిద నున్న యిండ్లలో దానిని పలుచగా చల్లినచో పొటాషు లభించును. నిరుడు ఉల్లి గాని, వెల్లుల్లి గాని వేసిన మడిలో ఈ యేడు వెల్లుల్లి వేయరాదు. ఒకే కుటుంబపు పంటలగుటచే తెగులు నేలలోనే కాచుకొని యుండును. చిక్కుడో, బెండయో, ఆకుకూరయో పండిన మడి మంచిది.

నాటుట

వరుసకు వరుసకు ఆరంగుళములు, రెబ్బకు రెబ్బకు నాలుగంగుళములు ఎడము. మొన పైకిని, పీట క్రిందికిని ఉండునట్లు అంగుళము లోతున గ్రుచ్చి, మన్ను కప్పవలెను. తలక్రిందులుగా నాటినను మొలక వంగి పైకి వచ్చును గాని గడ్డ వంకర పోవును. ఈ ఎడముతో అర సెంటులో, నడచు దారులు పోగా, ఇంచుమించు వేయి రెబ్బలు పట్టును. ఇందుకు కిలో, కిలోంబావు విత్తనము చాలును.

పెరటి కోళ్ళు క్రొత్తగా త్రవ్విన మడిని చూచినచో ఊరకుండవు. రెబ్బలన్నిటిని కెలికి బయట పడవేయును. నాటిన నాడే ముళ్ళకంపయో, పాత వలయో అడ్డముంచవలెను. మడిపై వరిగడ్డి రెండంగుళముల మందమున పరచినచో కోళ్ళ బాధయు కొంత తగ్గును, చెమ్మ నిలుచును, కలుపును అణగును. వారము పది దినములలో మొలకలు గడ్డిని చీల్చుకొని పైకి వచ్చును.

పెరడు లేనివారు ఎనిమిది అంగుళముల లోతు గల కుండలలోను, తొట్లలోను, సిమెంటు సంచులలోను మేడపై పెంచుకొనవచ్చును. అడుగున చిల్లులు తప్పక ఉండవలెను. కుండలలో గడ్డ కంటె ఆకు నమ్మకమైన పంట.

పోషణ

నాటిన వెంటనే తడి పెట్టవలెను; మూడవ నాడు మరియొక పలుచని తడి. ఆపైన నేలను బట్టి వారమునకో, పది దినములకో ఒక తడి. వేళ్ళు లోతునకు పోవు గనుక కొంచెము కొంచెముగా తరచు తడుపవలెను. మడి బురద కారాదు. బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు ఈ మడికి పోయవచ్చును. సబ్బు నీరు పోయరాదు.

కలుపు వెల్లుల్లికి పెద్ద శత్రువు. దాని ఆకు సన్ననిది, నిటారుగా నుండునది. నేలపై నీడ పడనీయదు. అందుచే కలుపు ఎండలో హాయిగా పెరుగును. నాటిన నెలకు ఒకసారియు, రెండవ నెల పూర్తి కాకముందు మరియొకసారియు చేతితో తీయవలెను. వేళ్ళు పైపైననే యుండును గనుక లోతుగా గీరరాదు.

నెల దినములకు గుప్పెడు గుప్పెడుగా వర్మీకంపోస్టు గాని, పలుచని జీవామృతము గాని వరుసల నడుమ వేయవచ్చును. యూరియా వేయువారు అతి కొద్దిగా వేసి, నలుబది యైదు దినములలోపుననే ముగింపవలెను. గడ్డ కట్టు సమయమున నత్రజని హెచ్చినచో రెబ్బలు గడ్డలోనే మరల మొలకెత్తి, మెడ లావెక్కి, గడ్డ నిలువకు పనికిరాకపోవును. ఆకు నల్లగా నిగనిగలాడుచుండుటను చూచి మురియుట వెల్లుల్లి విషయమున పొరపాటు.

నాటిన నూరు దినములు దాటి ఆకు కొసలు పసుపు రంగునకు తిరుగుట ఆరంభమైన పిమ్మట నీరు తగ్గింపవలెను. పెరుకుటకు పది పదునైదు దినముల ముందు నీరు పూర్తిగా ఆపివేయవలెను. ఈ ఒక్క నియమమును పాటింపకపోవుటచేతనే పెక్కు యిండ్లలో గడ్డలు అటుకెక్కిన నెలకే కుళ్ళిపోవుచున్నవి.

తెగుళ్ళు

ఇతర మొక్కల నడుమ కాపలా ఉంచదగినదని పేరు పొందినను, వెల్లుల్లికిని పురుగు లేకపోలేదు. తామర పురుగులు ముఖ్యమైనవి. ఆకు మొదట, మడతలలో దాగి రసము పీల్చును; ఆకుపై వెండి చారలు పడును. మాఘమున ఎండ హెచ్చినకొలది ఇవి హెచ్చును. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెయు, కలియుటకు కొంచెము సబ్బును వేసి, ఆకు మడతలలోనికి పోవునట్లు వారమున కొకసారి చల్లవలెను. నీలిరంగు జిగురు అట్టలు మడిలో నిలిపినచో కొన్ని అంటుకొని చచ్చును.

రెండవది ఊదారంగు మచ్చ తెగులు. మంచు ఎక్కువగా కురిసిన దినములలో ఆకుపై తెల్లని మచ్చ పుట్టి, నడుమ ఊదారంగునకు తిరిగి, ఆకు అచ్చట విరిగి పడును. మచ్చ పడిన ఆకులను తీసి కాల్చివేయవలెను. సాయంకాలము ఆకు తడియునట్లు నీరు పోయరాదు. మొక్కలను మరీ దగ్గరగా నాటరాదు. తెగులు మితి మీరినచో తోచిన మందు తెచ్చి చల్లక, రోగపు మొక్కను పట్టుకొని పోయి మండల ఉద్యాన శాఖాధికారికి చూపి సలహా పొందవలెను. ఇంటి తిండికై పండించు పంటపై విషము చల్లుట తెలివి కాదు.

పెరుకుట, ఆరబెట్టుట, దాచుట

నాటిన నాలుగు నెలలకు, కొన్ని రకములు నాలుగున్నర నెలలకు పెరుకుటకు వచ్చును. ఆకులు సగమునకు పైగా పసుపుబారి, మెడ మెత్తబడి వాలుటయే గుర్తు. ఒకటి రెండు గడ్డలు త్రవ్వి చూడవలెను. రెబ్బలు విడివిడిగా ఏర్పడి, పైపొర కాగితము వలె నున్నచో తరుణము వచ్చినట్లే. ముందుగా పెరికినచో నిలువ యుండదు; ఆలస్యమైనచో పైపొర చినిగి రెబ్బలు విచ్చుకొనును. ఆకు పట్టి లాగక, ప్రక్కనుండి గునపముతో మన్ను వదులు చేసి తీయవలెను.

తీసిన గడ్డలను కడుగరాదు. ఆకును కోయరాదు. గాలి తగులు వసారాలోనో, చెట్టు నీడనో వారము పది దినములు ఆరనీయవలెను. ఆకునందు మిగిలిన సారము ఆ దినములలోనే గడ్డలోనికి దిగునని రైతుల అనుభవము. మండుటెండలో పరచినచో రెబ్బ ఉడికి మెత్తబడును. ఆరిన పిమ్మట ఇరువది ముప్పది గడ్డలను ఆకులతోడనే జడ వలె అల్లి, వంటింటి దూలమునకు వ్రేలాడదీయుట పూర్వపు పద్ధతి. అందు తెలివి కలదు. పొగ తగిలి చెమ్మ చేరదు, గాలి ఆడును, ఎలుకకు అందదు. పొగ పొయ్యి పోయి గ్యాసు పొయ్యి వచ్చిన యిండ్లలో చూరు క్రిందనో, గాలి వీచు గది మూలనో వ్రేలాడదీయవచ్చును. ప్లాస్టికు సంచిలో కట్టి యుంచినచో పది దినములలో బూజు పట్టును. సరిగా ఆరిన గడ్డ ఐదారు నెలలు నిలుచును. బరువు మాత్రము కొంత తరుగును.

ఔషధ గుణము, హద్దులు

వెల్లుల్లిని గూర్చి చెప్పునపుడు ఔషధ ప్రసక్తి రాక తప్పదు. ఇచ్చట నిజమునకును, అతిశయోక్తికిని నడుమ గీత గీయుట అవసరము. చితుకని రెబ్బకు వాసన తక్కువ. దానియందు అల్లీన్ అను పదార్థము ఒక అరయందును, దానిని మార్చు ఎంజైము వేరొక అరయందును ఉండును. రెబ్బను నలిపినపుడు ఆ రెండును కలిసి అల్లిసిన్ అను ఘాటైన పదార్థము పుట్టును. దీనిని 1944వ సంవత్సరమున అమెరికాలో కావల్లిటో, బెయిలీ అను శాస్త్రజ్ఞులు వేరు పరచి, అది సూక్ష్మజీవులను చంపునని చూపిరి. వేడి తగిలినచో ఆ ఎంజైము పని చేయదు. కనుక వెల్లుల్లిని దంచి పది నిమిషములు ఆగి, పిమ్మట పోపున వేయుట మేలు.

రక్తపు పోటు హెచ్చుగా నున్నవారికి వెల్లుల్లి వలన అది కొంచెము తగ్గవచ్చునని పరిశోధనలు తెలుపుచున్నవి. కాని కొంచెము మాత్రమే. దీనిని నమ్ముకొని వైద్యుడిచ్చిన మాత్రలు మానుట ప్రాణాపాయము. క్షయకు గాని, పాముకాటునకు గాని, మధుమేహమునకు గాని వెల్లుల్లి మందు కాదు. రక్తము పలుచనగుటకు మందు వాడువారును, శస్త్రచికిత్సకు పోవువారును ఎక్కువగా తినుటకు ముందు వైద్యుని అడుగవలెను. పసిపిల్లల ఒంటికి పచ్చి వెల్లుల్లి నూరి కట్టినచో చర్మము కాలి బొబ్బలెక్కును. ఆ వాడుక మానవలెను.

ఇంకొక హెచ్చరిక. పచ్చి రెబ్బలను ఉప్పు, పులుపు లేకుండ కేవలము నూనెలో ముంచి బయట నిలువ చేయరాదు. గాలి లేని ఆ నూనెలో బోట్యులిజమ్ అను ఘోరమైన వ్యాధి పుట్టించు క్రిమి పెరుగగలదు. 1985వ సంవత్సరమున కెనడాలోని వాంకూవర్ నగరమున ఇట్టి నూనె వెల్లుల్లి తిని పలువురు ఆసుపత్రి పాలైరి. ఉప్పు, కారము, పులుపు దండిగా పట్టించు ఆవకాయ పద్ధతి ఎంత ఆలోచించి ఏర్పరచినదో దీనివలన తెలియును.

లెక్క

నలుగురు గల యింట వారమునకు 200 గ్రాముల చొప్పున వాడినచో ఏడాదికి పది కిలోల పైచిలుకు కావలెను. అర సెంటులో నాటిన వేయి మొక్కలలో అన్నియు దక్కి, గడ్డ 12 గ్రాములు తూగినచో 12 కిలోలు. కొన్ని చచ్చినను, కొన్ని సన్నబడినను ఎనిమిది తొమ్మిది కిలోలకు లోటుండదు. అందులో కిలోంబావు మరుసటి విత్తనమునకు తీసి యుంచవలెను. మిగిలినది ఇంటికి ఏడాదిలో పెద్ద భాగమునకు సరిపోవును. ఖర్చు మొదటి యేడు విత్తనమునకును, కొంత వేపపిండికిని మాత్రమే. రెండవ యేడు విత్తనపు ఖర్చు గూడ లేదు. శ్రమ ఇంటివారిదే.

మొదటి సంవత్సరము గడ్డలు ఉసిరికాయలంత మాత్రమే వచ్చుట సహజము. అంతతో విసిగి మానుకొన్నవారు పెక్కుమంది. వచ్చిన వానిలో లావైన గడ్డలను ఏరి విత్తనమునకు నిలిపి, రెండవ యేడును, మూడవ యేడును నాటినవారికి తమ నేలలో, తమ చలిలో బాగుగా నిలుచు విత్తనము ఏదియో తేటపడును. ఆ యెఱుక అంగడిలో దొరకదు.

గ్రంథాలయము చేయదగిన పని

పూర్వము పల్లెలలో విత్తనము లేనివాడు ఉన్నవాని యొద్ద నాగుకు తెచ్చుకొని, పంట వచ్చిన పిమ్మట హెచ్చు కలిపి తిరిగి కొలుచుచుండెడివాడు. పుస్తకము తీసికొని పోయి చదివి తిరిగి యిచ్చుట గ్రంథాలయమునకు నిత్యకృత్యము. ఈ రెంటిని కలిపినచో మంచి పద్ధతి యొకటి ఏర్పడును. గ్రంథాలయము ఆశ్వయుజమున ఐదారు కిలోల మంచి విత్తనపు వెల్లుల్లి సంపాదించి, కోరిన సభ్యులకు పావుకిలో చొప్పున ఈయవచ్చును. తీసికొన్నవారు ఫాల్గుణమున అరకిలో చొప్పున తిరిగి యియ్యవలెను. పుస్తకములు ఇచ్చు రిజిస్టరు వంటిదే యొక రిజిస్టరులో ఎవరు ఏ నేలలో, ఏ తేదీన నాటిరో, ఎప్పుడు పెరికిరో, ఎంత తూగెనో, ఏ తెగులు వచ్చెనో వ్రాయింపవలెను. తప్పిన పంటను గూడ దాచక వ్రాయవలెను. తప్పిన పంట నేర్పునది పండిన పంట నేర్పదు.

ఇట్లు ఐదు సంవత్సరములు జరిగినచో ఆ రిజిస్టరు గ్రామమునకు పనికివచ్చు వ్యవసాయ గ్రంథమగును. ఆ యూరి ఎఱ్ఱ నేలకు ఏ కార్తె మంచిదో, చెరువు క్రింది నేలలో గడ్డ ఏల కుళ్ళుచున్నదో, పైనుండి వచ్చిన ఏ పుస్తకమును చెప్పలేదు. ఊరి జనులు తమ చేతులతో వ్రాసికొన్న పుస్తకమే చెప్పగలదు. ఇరువది యైదు సంవత్సరములు ఇతరులు వ్రాసిన పుస్తకములను చదివిన గ్రామము, రానున్న సంవత్సరములలో తన పుస్తకమును తాను వ్రాసికొనుట రజతోత్సవమునకు తగిన సంకల్పము.

ఉల్లి చేసిన మేలు తల్లి చేయదని సామెత. దాని చెల్లెలు వెల్లుల్లి చేయు మేలును తక్కువ కాదు. స్వాతి కార్తె వచ్చునాటికి ప్రతి పెరటిలో ఒక మడి సిద్ధము కాగలదని ఆశింపవచ్చును.